మౌనానికి రెండర్థాలు

క్రిందటి నెల మొదటి తారీఖున మా పాలబ్బాయికి నెలబాకీ 1,240 రూపాయలు ఫోనులో పంపాను. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. పంపినట్లూ చెప్పదు, పంపనట్లూ చెప్పదు. గుమ్మంలో నిలుచున్న అతని ఫోనూ పలకలేదు. అతనికి ఇంకా పది ఇళ్ళు తిరగవలసి ఉంది. నిలబెట్టడం మర్యాద కాదని మరొకసారి పంపాను. ఈసారి వెంటనే అందింది. మరునాడు ఉదయం అతడు పాలతోపాటు ఒక వార్త తెచ్చాడు. “పంతులుగారూ, నిన్న మీ డబ్బులు రెండుసార్లు పడ్డాయండీ. ముందు పంపినవి మధ్యాహ్నానికి వచ్చాయి. వచ్చే నెల లెక్కలో తగ్గించుకోండి” అన్నాడు.

నా తొందరపాటుకు నేనే నొచ్చుకున్నాను. ఆ సాయంత్రం చూడవచ్చిన నా పూర్వవిద్యార్థి ఒకనితో ఈ సంగతి చెప్పాను. అతడు సాఫ్టువేరు ఉద్యోగి. ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి వర్తమానాలు చేరవేసే ఏర్పాట్లను చూసుకోవడమే అతని పని. “మాస్టారూ, మీకు వచ్చిన సందేహంతోనే మేము రోజంతా వేగుతుంటామండీ. జవాబు రాకపోతే పని జరగలేదని అర్థమా, జరిగింది గాని జవాబు దారిలో పోయిందని అర్థమా? పంపినవాడు కూర్చున్నచోటు నుండి ఆ రెంటికీ భేదం కనిపించదు” అన్నాడు. చదువుకోమని కొన్ని పాత పత్రాల పేర్లు కూడా వ్రాసి ఇచ్చి వెళ్ళాడు. వాటిని నిదానంగా చదివి, నాకు బోధపడినంత మేరకు ఆ చరిత్రను ఇక్కడ చెప్పదలచాను. గణితం నాది కాదు. కాని ఈ ప్రశ్న గణితానిది మాత్రమే కాదని చదువుతున్నకొద్దీ తెలిసింది.

సందేశం పంపడం, జవాబుకోసం ఎదురుచూడడం మన సాహిత్యానికి కొత్తవి కావు. సీతాన్వేషణకై సుగ్రీవుడు నాలుగు దిక్కులకూ వానరులను పంపి ఒక నెల గడువు పెట్టాడు. తూర్పునకు వినతుడు, పడమటికి సుషేణుడు, ఉత్తరానికి శతబలి వెళ్ళారు. ఆ ముగ్గురూ వట్టి చేతులతో తిరిగివచ్చారు. దక్షిణానికి వెళ్ళిన అంగదుని బృందం మాత్రం గడువు దాటినా రాలేదు. బిలంలో చిక్కి కాలం పోగొట్టుకొని, సుగ్రీవాజ్ఞకు వెరచి ప్రాయోపవేశానికి సిద్ధపడ్డారు. కిష్కింధలో ఉన్నవారికి తెలిసినది ఒక్కటే: దక్షిణం నుండి జవాబు లేదు. కాని కార్యం సాధించినది ఆ జవాబు రాని బృందమే. గడువు దాటింది గనుక కార్యం చెడిందని అక్కడివారు తీర్మానించి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ఇక హనుమంతుడు తీసుకువెళ్ళిన ఉంగరం, తిరిగి తెచ్చిన చూడామణి సంగతి అందరికీ తెలిసినదే. ఉంగరం పంపినవాడెవరో చెబుతుంది. చూడామణి వర్తమానం చేరవలసినవారికి చేరిందని చెబుతుంది. ఈ రెండవదానిని నేటి సాంకేతికులు ‘ఎక్‌నాలెడ్జ్‌మెంటు’ అంటారు. మన తపాలా కచేరీ భాషలోనూ అదే మాట. ఎక్‌నాలెడ్జ్‌మెంటుతో కూడిన రిజిస్టర్డు ఉత్తరం పంపి, సంతకంతో తిరిగివచ్చే కార్డుకోసం వీధిగుమ్మం వైపు చూసిన తరం మాది. 2025లో తపాలాశాఖ ఆ రిజిస్టర్డు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపివేసింది. పేరు మారినా కార్డు వెనుక ఉన్న ప్రశ్న మారలేదు. కార్డు రాకపోతే, పోయినది ఉత్తరమా, కార్డా?

యంత్రాల లోకంలో ఈ ప్రశ్న ఎట్లా మొదలయిందో చూద్దాం. 1969 అక్టోబరు 29 రాత్రి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధనాసంస్థకు ఆర్పానెట్ మీద తొలి వర్తమానం బయలుదేరింది. ఆచార్య లెనార్డ్ క్లైన్‌రాక్ దగ్గర విద్యార్థి అయిన చార్లీ క్లైన్ ‘లాగిన్’ అనే మాటను ఒక్కొక్క అక్షరంగా పంపసాగాడు. ఆంగ్లంలో ఆ మాటకు ఐదక్షరాలు. రెండు చేరాక అవతలి యంత్రం కూలిపోయింది. నేటి అంతర్జాలానికి ఆదిలో పలికిన మాటే సగంలో తెగిపోయిందన్నమాట. ఆ రాత్రి అక్షరం చేరిందా అని అడిగి తెలుసుకోవడానికి వారికి టెలిఫోను ఉంది. అంటే తీగమీద పోయిన వర్తమానానికి మరొక తీగమీద రసీదు అందింది. ప్రతి వర్తమానానికీ టెలిఫోను చేయలేము గనుక, రసీదును కూడా ఆ తీగమీదనే రప్పించవలసి వచ్చింది.

ఆర్పానెట్ కర్తలు ఈ భారాన్ని దారిమీద పెట్టారు. ప్రతి మజిలీలోనూ ఒక చిన్న కంప్యూటరు ఉండేది. అది పై మజిలీకి ప్యాకెట్టును అందించి, ‘అందింది’ అనే రసీదు వచ్చేదాకా తన దగ్గర నకలు ఉంచుకొనేది. రసీదు రాకపోతే మళ్ళీ పంపేది. కొసలలో ఉన్న పెద్ద కంప్యూటర్లు దారిని నమ్మి నిశ్చింతగా ఉండేవి. ఎంత నిశ్చింత అంటే, దారిలో నిజంగా ఒక ప్యాకెట్టు పోతే ఏమిచేయాలో ఆనాటి కొసలకు తెలియదు. సంభాషణ అక్కడే నిలిచిపోయేది.

1971లో హవాయి దీవులలో ఆచార్య నార్మన్ ఎబ్రామ్‌సన్ బృందం ‘అలోహానెట్’ అనే రేడియో జాలాన్ని నడిపింది. అక్కడ తీగలు లేవు. అందరిదీ ఒకటే ఆకాశం. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ చెడిపోతాయి. వారి ఉపాయం చాలా సరళమైనది. పంపు. కేంద్రం నుండి రసీదు రాకపోతే కొంతసేపు ఆగి మళ్ళీ పంపు. ఆ ‘కొంతసేపు’ ఎంతో ఎవరికి వారు పాచికలు వేసినట్లు యాదృచ్ఛికంగా నిర్ణయించుకోవాలి. లేకపోతే ఇరుకు గుమ్మంలో ఎదురుపడిన ఇద్దరు మర్యాదస్థులు ఒకేసారి ఆగి, ఒకేసారి కదిలి, మళ్ళీ ఢీకొన్నట్లు అవుతుంది. దారి నమ్మదగినది కాకపోయినా పని జరుగుతుందని ఆ దీవులు చూపాయి. అదే దశాబ్దంలో ఫ్రాన్సులో లూయీ పూజాఁ తన ‘సిక్లాద్’ జాలంలో, ప్యాకెట్టు చేరిందో లేదో చూసుకొనే పూచీ కొసలలోని యంత్రాలదే అన్నాడు.

ఈ పాఠాలను ఒకచోటికి తెచ్చినవారు వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్. 1974 మే నెలలో వెలువడిన వారి పత్రం నేటి టీసీపీకి మూలం. అందులోని కిటుకు ప్రాచీన లేఖకులు చూస్తే వెంటనే గుర్తుపట్టేది. తాటాకు ప్రతిలో ప్రతి పత్రానికీ సంఖ్య వేస్తారు. త్రాడు తెగి ఆకులు చెదిరినా ఆ సంఖ్యలను బట్టి మళ్ళీ వరుసలో పేర్చవచ్చు. నడుమ ఏ ఆకు పోయిందో చెప్పవచ్చు. ఒకే ఆకుకు రెండు నకళ్ళు కలిసిపోతే ఒకటి తీసివేయవచ్చు. సెర్ఫ్, కాన్‌లు పంపే సమాచారానికి ఇటువంటి సంఖ్యలనే వేశారు. అందుకొన్నవాడు ‘ఇంతవరకు చేరింది’ అని సంఖ్యతో సహా జవాబిస్తాడు. గడువులోగా జవాబు రానిదానిని పంపినవాడు మళ్ళీ పంపుతాడు. తొలిసారి పంపినదే ఆలస్యంగా చేరి ఉంటే, సంఖ్య చూసి రెండవదానిని పారవేస్తారు. 1983 జనవరి 1న ఆర్పానెట్ పాత పద్ధతిని విడిచి టీసీపీకి మారింది.

ఇంతటితో సమస్య తీరిందనిపిస్తుంది. తీరదని తేల్చిన పత్రం 1975లోనే వచ్చింది. దానిని వ్రాసినవారు అక్కొయున్లు, ఏకనాథం, హూబర్ అనే ముగ్గురు. నడిమి పేరు మన చెవికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. వారు రెండు దొంగల ముఠాల కథగా చెప్పినదానిని 1978లో జిమ్ గ్రే ఇద్దరు సేనానుల కథగా మార్చి ప్రసిద్ధం చేశాడు.

రెండు కొండలమీద ఒకే పక్షానికి చెందిన ఇద్దరు సేనానులు ఉన్నారు. లోయలో శత్రువు ఉన్నాడు. ఇద్దరూ ఒకేసారి దూకితే జయం. ఒక్కడే దూకితే చావు. వార్త పంపాలంటే వార్తాహరుడు లోయ దాటాలి. దారిలో పట్టుబడవచ్చు. మొదటివాడు ‘రేపు తెల్లవారుజామున’ అని కబురు పెట్టాడు. రెండవవానికి అందింది. కాని అందినట్లు మొదటివానికి తెలియదు గనుక అతడు కదలడు. రెండవవాడు రసీదు పంపాడు. ఆ రసీదు చేరిందో లేదో రెండవవానికి తెలియదు గనుక ఇతడూ కదలడు. రసీదుకు రసీదు, దానికి మరొక రసీదు. తర్కశాస్త్రంలో దీనిని అనవస్థాదోషం అంటారు.

ఇన్ని రాకపోకలు జరిగితే చాలునని ఎవరైనా ఒక హద్దు గీయగలరా? గీయలేరు. ఆ నిరూపణ ఎంతో ముచ్చటైనది. పని జరిపించే పద్ధతులలో అతి తక్కువ వార్తాహరులతో నడిచేది ఒకటి ఉందనుకోండి. అందులోని చివరి వార్తాహరుడు పట్టుబడినా దాడి జరిగితీరాలి. ఎందుకంటే అతనిని పంపినవానికి అతడు చేరిందీ లేనిదీ తెలియదు. అట్లయితే ఆ చివరివాడు అనవసరం. అతనిని తీసివేస్తే ఇంకా చిన్న పద్ధతి దొరికింది. మొదటిదే అతి చిన్నది అన్నమాట అబద్ధమయింది. కనుక అటువంటి పద్ధతే లేదు. తీగలు ఎంత మెరుగుపడినా, వార్త దారిలో పోయే అవకాశం ఇసుమంతైనా ఉన్నంతవరకు ఈ ఫలితం మారదు. ఫోనులో తిరిగిన ఆ చక్రానికి మూలం ఇదే.

నిశ్చయం లభించదని తెలిశాక మిగిలేది వివేకం. తరువాతి చరిత్రలో ఆ వివేకం మూడు పాఠాలుగా కనిపిస్తుంది.

మొదటి పాఠం మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్‌లది. 1981లో ఒక సదస్సులో చెప్పి, 1984లో పత్రికలో ప్రకటించిన వ్యాసంలో వారు తమ సంస్థలో జరిగిన ఒక ఉదంతం వ్రాశారు. అక్కడి జాలంలో మజిలీకి మజిలీకి మధ్య తప్పులు పట్టే ఏర్పాటు ఉంది. అది చూసి ప్రోగ్రాములు వ్రాసేవారు దారిని పూర్తిగా నమ్మారు. కాని ఒక మజిలీ యంత్రంలో, ప్యాకెట్టును ఒక అరనుండి మరొక అరకు మార్చే సమయంలో సుమారు పదిలక్షల బైట్లకు ఒకసారి రెండు బైట్లు తారుమారయ్యేవి. దారి పొడవునా కాపలా ఉంది, మజిలీ లోపల లేదు. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ మూలప్రతులు ఆ దారినే పలుమార్లు రాకపోకలు చేసి చెడిపోయాయి. చివరకు వాటి కర్తలు పాత అచ్చుప్రతులు ముందు పెట్టుకొని, కంటితో పోల్చి దిద్దుకోవలసివచ్చింది. పరిష్కర్త వ్రాతప్రతులను పోల్చిచూసే పనే అది. ఈ ఉదంతం నుండి వారు తీసిన సారం: పని సరిగా జరిగిందో లేదో కొసలలో ఉన్నవారే చెప్పగలరు. మధ్యనున్నవారు ఎంత శ్రమించినా అది తోడ్పాటు మాత్రమే. రసీదు కార్డుమీద సంతకం చేసినవాడు ఉత్తరం చదివినవాడు కానక్కరలేదు కదా.

రెండవ పాఠం 1986 అక్టోబరులో వచ్చింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల నుండి బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి దూరం నాలుగువందల గజాలు. ఆ దారిలో క్షణానికి 32,000 బిట్లు నడిచే చోట 40 బిట్లు మాత్రమే నడిచాయి. తీగ తెగలేదు. రద్దీవల్ల రసీదులు ఆలస్యమయ్యాయి. ప్రతి యంత్రమూ వర్తమానం పోయిందనుకొని మళ్ళీ పంపింది. దానితో రద్దీ మరింత పెరిగింది. వాన్ జేకబ్‌సన్ 1988లో ప్రకటించిన పత్రం ఇందుకు మందు చెప్పింది. జవాబు రాకపోతే హెచ్చు పంపవద్దు, తగ్గించు. మళ్ళీ పంపే ముందు వేచి ఉండే సమయాన్ని పెంచుకుంటూ పో. జవాబులు వస్తున్నకొద్దీ క్రమంగా వేగం పెంచు. మౌనం ఎదురైనప్పుడు గొంతు పెంచడం మనిషికి సహజం. యంత్రానికి మాత్రం తగ్గడం నేర్పించారు.

మూడవ పాఠం బ్యాంకులు, వ్యాపారసంస్థల అవసరాల నుండి పుట్టింది. అక్కడ పంపేవాడూ అందుకొనేవాడూ ఒకే సమయంలో మెలకువగా ఉండకపోవచ్చు. నడుమ వర్తమానాలను డిస్కుమీద భద్రపరచి, అవతలివాడు ‘పని పూర్తయింది’ అనేదాకా విడువని మధ్యవర్తి కావాలి. ఐబీఎం 1993లో తెచ్చిన ఎంక్యూసిరీస్ అటువంటిది. 2003లో జె.పి. మోర్గాన్ చేజ్ బ్యాంకులో జాన్ ఒహారా, ఈ పనికి ఏ ఒక్క సంస్థకూ కట్టుబడని ఉమ్మడి పద్ధతి ఉండాలని ఏఎంక్యూపీకి నాంది పలికాడు. 2011లో లింక్డిన్ సంస్థ తన ‘కాఫ్కా’ను అందరికీ విడుదల చేసింది. దాని కర్తలలో ఒకడైన జే క్రెప్స్ తనకిష్టమైన రచయిత ఫ్రాంజ్ కాఫ్కా పేరు దానికి పెట్టాడు. ఆ కాఫ్కా 1919లో ‘చక్రవర్తి సందేశం’ అనే చిన్న కథ ప్రకటించాడు. మరణశయ్యమీది చక్రవర్తి పంపిన దూత రాజప్రాసాదం ఆవరణలే దాటలేక, సందేశం ఎన్నటికీ చేరని కథ అది. నమ్మకంగా వార్త చేర్చే యంత్రానికి ఆ రచయిత పేరే రావడం సాహిత్యం చదివినవానికి చిరునవ్వు తెప్పించే విషయం.

ఈ మధ్యవర్తులు ఇవ్వగలిగిన మాటలు రెండు. ‘హెచ్చంటే ఒకసారి చేరుస్తాను, చేరకపోవచ్చు’ అన్నది మొదటిది. ‘కనీసం ఒకసారి చేరుస్తాను, రెండుసార్లు చేరవచ్చు’ అన్నది రెండవది. ‘సరిగ్గా ఒక్కసారే’ అన్న మాట అందరికీ కావాలి, కాని ఇద్దరు సేనానుల కథ విన్నాక అది వట్టి చేరవేతతో సాధ్యం కాదని మనకు తెలుసు. మరి దారి ఏమిటి? రెండవ మాటను తీసుకొని, రెండుసార్లు చేరినా ఒకసారి చేరినట్లే ఉండేలా పనిని మలచుకోవడం. దీనికి ‘ఐడెంపొటెన్స్’ అని పేరు. బెంజమిన్ పియర్స్ అనే అమెరికన్ గణితవేత్త 1870లో లాటిన్ ధాతువులతో కల్పించిన మాట అది.

ఈ భావం నాకు వ్యాకరణం ద్వారా సులభంగా తెలిసింది. ఆదేశం శత్రువు వంటిది, ఆగమం మిత్రుని వంటిది అని బడిలో చెప్పేవాళ్ళం. ఆదేశం ఉన్న అక్షరాన్ని త్రోసి తాను కూర్చుంటుంది. ఆగమం ఉన్నదానిని ఉండనిచ్చి ప్రక్కన చేరుతుంది. ‘ఖాతా నిల్వ 5,000 అని వ్రాయి’ అన్నది ఆదేశం వంటిది. పదిసార్లు వ్రాసినా నిల్వ 5,000 మాత్రమే. ‘ఖాతాకు 500 చేర్చు’ అన్నది ఆగమం వంటిది. పదిసార్లు చేస్తే 5,000 పెరుగుతుంది. వ్యాకరణంలో మిత్రుడైనవాడు ఇక్కడ శత్రువయ్యాడు! డబ్బు బదిలీ అన్నది స్వభావం చేత ఆగమమే. దానిని నిరపాయం చేయాలంటే ప్రతి చెల్లింపుకూ ఒక సంఖ్య వేయాలి. ‘ఫలానా సంఖ్య చెల్లింపు ఇదివరకే జరిగితే మళ్ళీ చేయవద్దు’ అనాలి. 2017లో కాఫ్కా తన కొత్త రూపంలో చేసినది కూడా ఇదే. పంపేవానికొక గుర్తు, వర్తమానానికొక వరుససంఖ్య ఇచ్చి, మళ్ళీ వచ్చినదానిని మధ్యవర్తి త్రోసిపుచ్చుతుంది. తాటాకుమీది పత్రసంఖ్య మళ్ళీ ప్రత్యక్షమయింది. కాని ఆ హామీ కాఫ్కా గడప లోపలి వరకే. గడప దాటి బయట జరిగే పనులకు బయటివారే పూచీ పడాలి.

ఇక మా పాలబ్బాయి దగ్గరకు వద్దాం. 2016లో ఆరంభమైన యూపీఐలో ప్రతి చెల్లింపుకూ దానిదంటూ ఒక సంఖ్య ఉంటుంది. యంత్రం తనంతట తాను అదే సంఖ్యతో మళ్ళీ అడిగితే రెండవది చెల్లదు. నేను చేసినది అది కాదు. నా వ్రేలితో కొత్త చెల్లింపు మొదలుపెట్టాను. దానికి కొత్త సంఖ్య పడింది. నా మనసులో అవి రెండూ ఒకటే బాకీ అని యంత్రానికి తెలిసే దారి లేదు. మౌనాన్ని పూర్తిగా నివారించలేమని మన రిజర్వు బ్యాంకుకూ తెలుసు. 2019 సెప్టెంబరు 20 నాటి ఉత్తర్వులో అది చేసినది గడువు పెట్టడం. ఒకరి ఖాతాలో తగ్గి, రెండవవారి ఖాతాలో చేరని యూపీఐ బదిలీ సొమ్ము మరునాటిలోగా వెనక్కు రావాలి. దుకాణదారుకు చెల్లించినప్పుడు అతనికి ధ్రువీకరణ అందకపోతే ఐదు రోజులలోగా రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. సందేహాన్ని తొలగించలేనప్పుడు, ఆ సందేహకాలపు భారం సామాన్యుని నెత్తిన పడకుండా చూడడమే న్యాయం.

ఇన్ని పత్రాలు చదివాక సాల్ట్‌జర్ మిత్రులు చెప్పిన సంగతి నాకు నా గుమ్మంలోనే కనిపించింది. ఆ రోజు దారి పొడవునా ఉన్న యంత్రాలన్నీ తమ పని తాము సరిగానే చేశాయి. అయినా లెక్క తప్పింది. దానిని సరిచేసినది కొసన ఉన్న మనిషి. నెలకు ఒక ఇంటినుండి ఒకే బాకీ రావాలని అతనికి తెలుసు. రెండు వచ్చాయని చూసుకున్నాడు, అడగకముందే చెప్పాడు. ఈ నెల మొదటి తారీఖున అతనికి నేను పంపవలసినది ఏమీ లేకపోయింది. ఇకమీదట చక్రం తిరుగుతూ ఉంటే మళ్ళీ నొక్కకుండా, “రేపు చూసుకుందాం బాబూ” అందామని మాత్రం నిశ్చయించుకున్నాను.